పగడపు దీవిలో పగటి మజిలీ

మానవుడు స్వభావరీత్యా సంచారప్రియుడు. తెలియని చోటును చూడాలన్న కుతూహలం అతనిచేత అడవులను, ఎడారులను, చివరకు కడలిని కూడా దాటించింది. పూర్వకాలంలో యాత్ర అంటే మజిలీల వరుస. 1830–31 సంవత్సరాలలో చెన్నపట్నం నుండి కాశీకి వెళ్లి వచ్చిన యేనుగుల వీరాస్వామయ్య, ఏ మజిలీలో మంచినీరు ఉన్నదీ, ఎక్కడ దినుసులు దొరికేదీ, దారి ఎట్లా ఉన్నదీ శ్రద్ధగా రాసి ఉంచారు. ఆనాటి యాత్రికుడు ప్రతి మజిలీలోను ఆ ఊరి బావినీటి మీద, ఆ ఊరి అంగడి మీద, ఆ ఊరివారి మంచితనం మీద ఆధారపడి బతికేవాడు. అందువల్ల తాను అతిథినన్న స్పృహ అతనికి ఎల్లప్పుడూ ఉండేది.

నేటి విహారనౌక ఈ పరిస్థితిని చాలావరకు మార్చివేసింది. పడకగది, భోజనశాల, వినోదశాల, వైద్యశాల అన్నీ ఓడలోనే ఉంటాయి. ఓడ ఒక దీవి చెంత ఆగుతుంది. ప్రయాణికులు ఉదయం దిగి, కొన్ని గంటలు గడిపి, సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కుతారు. పెద్ద నౌకలు ఒకేసారి వేలమందిని దించే రేవులలో దగ్గరి సముద్రతీరం తిరునాళ్లను తలపిస్తుంది. ఆ సందడికి విసిగిన యాత్రికులు జనసమ్మర్దం లేని ప్రశాంతమైన తీరం ఎక్కడ ఉన్నదా అని వెతుకుతారు. ఈ కోరిక సహజమైనదే. అయితే ఒక తీరం ప్రశాంతంగా ఉండడానికి కారణమేమిటి? ఆ ప్రశాంతతను కాపాడుతున్నవారెవరు? నిశ్శబ్దాన్ని వెతుక్కొంటూ వచ్చినవారే దానిని పోగొట్టే ప్రమాదం లేదా? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగల తీరాలలో అరేబియా సముద్రంలోని కల్పేని దీవి ఒకటి.

దీవులు – నౌకాయాత్ర

కేరళ తీరానికి పడమరగా, కొచ్చి నగరం నుండి సుమారు 200 కిలోమీటర్లు మొదలుకొని 440 కిలోమీటర్ల దూరం వరకు అరేబియా సముద్రంలో వెదజల్లినట్లున్న పగడపు దీవుల సముదాయమే లక్షదీవులు. 1956 నవంబరు 1న ఇవి కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడ్డాయి. లక్షద్వీప్ అన్న పేరు 1973లో వచ్చింది. పేరులో లక్ష ఉన్నప్పటికీ ప్రభుత్వ లెక్కలలోని దీవులు 36 మాత్రమే. వాటిలో జనావాసం ఉన్నవి పది. భూభాగమంతా కలిపితే సుమారు 32 చదరపు కిలోమీటర్లు. అంటే తెలుగునాట ఒకటి రెండు పెద్ద గ్రామాల పొలిమేరలలో ఇమిడిపోయేటంత. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించినవారు 64,473 మంది. చదరపు కిలోమీటరుకు రెండు వేలమందికి పైగా మనుషులున్న ఈ దీవులను ఖాళీ ప్రదేశాలుగా భావించడం పొరపాటు.

ఈ దీవులను సందర్శించడానికి అనువైన మార్గాలలో నౌకాయాత్ర ఒకటి. లక్షద్వీప్ పర్యాటక విభాగం ‘సముద్రం’ అనే పేరుతో ఐదు రోజుల యాత్రను రూపొందించింది. యాత్రికులు కొచ్చిలో ఓడ ఎక్కి, వరుసగా మూడు పగళ్లు కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులలో గడుపుతారు. రాత్రులలో ఓడలోనే నిద్రిస్తారు. వీరు నిద్రించే వేళలో ఓడ ఒక దీవి నుండి మరొక దీవికి సాగిపోతుంది. దీవిలో వసతిగృహాలు నిర్మించనవసరం లేకుండా, అక్కడి నీటిని, నేలను ఎక్కువగా వాడకుండా అతిథులను ఆదరించే ఉపాయం ఇది.

ఈ యాత్రకు వినియోగించిన ‘ఎం.వి. కవరత్తి’ నౌకకు తెలుగు నేలతో సంబంధం ఉన్నది. సుమారు ఏడు వందలమందిని మోసుకుపోగల ఈ ఓడ విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారయింది. బంగాళాఖాతం ఒడ్డున కార్మికులు కట్టిన ఓడ అరేబియా సముద్రపు దీవులకు వారధిగా నిలిచింది. అయితే ఇది కేవలం విలాసనౌక కాదు. కొచ్చిలో చదువుకొనే విద్యార్థులు, వైద్యానికి వెళ్లే రోగులు, బంధువులను చూడబోయే వృద్ధులు ఇదే ఓడలో ప్రయాణిస్తారు. పర్యాటకునికి అది విహారం. దీవివాసికి అది ఆర్టీసీ బస్సు వంటిది. ఈ వ్యత్యాసాన్ని గుర్తుంచుకొంటే ఆ యాత్ర స్వరూపం సరిగా అర్థమవుతుంది.

దీవి చెంతకు

కల్పేని వైశాల్యం మూడు చదరపు కిలోమీటర్ల లోపే. 2011 నాటికి అక్కడ నాలుగు వేల పైచిలుకు జనం ఉన్నారు. ఉత్తర దక్షిణాలుగా సాగిన ఈ దీవికి పడమటి వైపున విశాలమైన లాగూన్ ఉన్నది. లాగూన్ అంటే పగడపు గోడ చుట్టి ఉండగా, లోపల నిలకడగా ఉండే లోతు తక్కువ సముద్రజలం. కల్పేనితోపాటు చెరియం, తిలక్కం, పిట్టి అనే జనావాసం లేని చిన్న దీవులు కూడా ఈ పగడపు వలయానికే చెందినవి.

పెద్ద ఓడ ఈ లాగూన్‌లోకి ప్రవేశించలేదు. పగడపు గోడకు వెలుపల సముద్రం ఉన్నట్టుండి అగాధమవుతుంది. లోపల మాత్రం కొన్ని మీటర్ల లోతే ఉంటుంది. కాబట్టి ఓడ వెలుపలే నిలుస్తుంది. దీవి నుండి యంత్రపు పడవలు ఎదురు వస్తాయి. ఓడ పక్కతలుపు దగ్గర నిలబడిన నావికులు, అలల ఊపుకు పడవ పైకి లేచిన క్షణం చూసి, ప్రయాణికులను ఒక్కొక్కరినే చేయి పట్టుకొని దింపుతారు. పసిపిల్లలు, ముదుసలులు, గర్భిణులు అయిన దీవివాసులు ఎక్కువగా ఈ విధంగానే తమ ఊరికి చేరుతూ వచ్చారు. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం పొంగినప్పుడు ఈ దిగడం మరింత కష్టమవుతుంది. అందువల్ల పర్యాటక యాత్రలు సాధారణంగా అక్టోబరు నుండి మే నెల నడుమనే సాగుతాయి.

పడవ పగడపు గోడలోని ఇరుకు దారి గుండా లోపలికి రాగానే సముద్రం రంగు మారుతుంది. ముదురు నీలం పోయి, నెమలికంఠపు రంగు, ఆపైన లేత పచ్చ, ఒడ్డున దాదాపు రంగులేని తేట నీరు కనిపిస్తాయి. ఇది కంటికి విందు మాత్రమే కాదు, లోతును తెలిపే సూచిక కూడా. నీరు ఎంత లోతుగా ఉంటే సూర్యకాంతిలోని ఎరుపు, పసుపు కిరణాలను అంతగా పీల్చుకొని నీలాన్నే తిరిగి పంపుతుంది. లోతు తగ్గినచోట అడుగున ఉన్న తెల్లని ఇసుక కాంతిని ప్రతిఫలింపజేస్తుంది. అందుకే పడవ నడిపే సరంగు నీటి రంగును చూసి దారి తెలుసుకొంటాడు.

ఇసుక కథ

కల్పేనిలో పర్యాటకులు దిగే చోటును కూమెల్ అంటారు. మెల్లగా వంపు తిరిగిన ఈ తీరం ఎదుటనే తిలక్కం, పిట్టి దీవులు కనిపిస్తాయి. వెనుక కొబ్బరితోపు, ముందు తెల్లని ఇసుక, ఆపైన కదలని నీరు. బంగాళాఖాతపు ఒడ్డున పెరిగినవారికి ఇక్కడ మొదట ఆశ్చర్యం కలిగించేది కెరటాల హోరు లేకపోవడం. అలలు దూరాన ఉన్న పగడపు గోడకు తాకి అక్కడే విరిగిపోతాయి. ఆ గోడ మీద తెల్లని నురుగు గీత కనిపిస్తుంది. శబ్దం మాత్రం గాలిలో తేలి వచ్చే మంద్రధ్వనిగా వినిపిస్తుంది. తీరానికి చేరేవి చిన్న తరగలే. కూమెల్ తీరపు నిశ్శబ్దానికి మొదటి కారణం ఈ పగడపు గోడ.

ఆ ఇసుక కూడా తెలుగువారు ఎరిగిన ఇసుక కాదు. ఆంధ్ర తీరపు ఇసుక కొండల నుండి పుట్టినది. గోదావరి, కృష్ణ వంటి నదులు రాళ్లను అరగదీసి, ఆ రేణువులను సముద్రానికి చేర్చగా, కెరటాలు వాటిని ఒడ్డున పరిచాయి. విశాఖ, శ్రీకాకుళం తీరాలలో కనిపించే నల్లని చారలు ఇల్మనైట్ వంటి బరువైన ఖనిజాలు. కల్పేనిలో కొండ లేదు, నది లేదు. అక్కడి ఇసుక ప్రాణుల నుండి పుట్టినది. విరిగిన పగడపు ముక్కలు, గవ్వలు, ఆల్చిప్పలు, సున్నపు కవచం గల సూక్ష్మజీవుల అవశేషాలు కలిసి ఆ ఇసుక అయినాయి. చిలుక ముక్కు వంటి బలమైన నోరు గల ఒక జాతి చేపలు పగడపు రాతిని గీకి తింటాయి. అందులోని నాచును జీర్ణం చేసుకొని, మిగిలిన సున్నపు పొడిని విసర్జిస్తాయి. ఈ జాతిలోని పెద్ద చేప ఒక్కటి ఏడాదికి కొన్ని వందల కిలోల ఇసుకను తయారు చేయగలదు. అనగా కూమెల్ తీరాన నడిచే యాత్రికుని కాలికింద ఉన్నది ఒకనాటి జీవరాశియే.

పగడమంటే తెలుగువారికి నవరత్నాలలో ఒకటిగా, మెడలోని ఎర్రని పూసగా పరిచయం. ఆ ఎర్రపగడం వేరొక జాతి. దీవులను కట్టే పగడపు జీవులు వెచ్చని, లోతు తక్కువైన, వెలుగు సోకే నీటిలోనే పెరుగుతాయి. పాలిప్ అని పిలిచే ఈ చిన్న జీవి సముద్రజలం నుండి కాల్షియంను గ్రహించి తన చుట్టూ సున్నపు గూడు కట్టుకొంటుంది. దాని దేహంలో కంటికి కనిపించని సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. పగడం వాటికి ఆశ్రయమిస్తుంది. పగడాలకు రంగులు రావడానికి కూడా ముఖ్యకారణం ఈ సహజీవనమే. తరాల తరబడి ఒక గూటి మీద మరొక గూడు పేరుకోగా పగడపు గోడ తయారవుతుంది.

వలయాకారపు పగడపు దీవులు ఎట్లా ఏర్పడతాయో 1842లో చార్లెస్ డార్విన్ వివరించాడు. సముద్రం నుండి లేచిన అగ్నిపర్వతం చుట్టూ పగడాలు పెరుగుతాయి. పర్వతం క్రమంగా కుంగిపోతుంది. పగడాలు మాత్రం వెలుగు కోసం పైపైకి పెరుగుతూనే ఉంటాయి. చివరకు పర్వతం కనుమరుగై, పగడపు వలయం, దాని నడుమ లాగూన్ మిగులుతాయి. 1952లో పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటోక్ దీవిలో లోతుగా తవ్వి చూసినప్పుడు, 1,200 మీటర్లకు పైబడిన పగడపు సున్నపురాతి కింద అగ్నిపర్వత శిల బయటపడింది. డార్విన్ ఊహ నిజమని ఆ తవ్వకం రుజువు చేసింది.

నిశ్శబ్దానికి రెండవ కారణం

పగడపు గోడ కెరటాల హోరును ఆపుతుంది. జనాల హోరును ఆపేది మాత్రం మనుషులు పెట్టుకొన్న నియమం. లక్షదీవులలోకి ప్రవేశించడానికి, అక్కడ నివసించడానికి 1967లోనే ప్రత్యేక నిబంధనలు ఏర్పడ్డాయి. వాటి ప్రకారం దీవివాసులు కాని భారతీయులు కూడా అనుమతిపత్రం పొందవలసి ఉంటుంది. దీవుల స్థానిక ప్రజలు షెడ్యూల్డు తెగల వారుగా గుర్తింపు పొందినవారు. వారి భూమికి, జీవనవిధానానికి రక్షణ కల్పించడం ఈ నిబంధనల ముఖ్యోద్దేశం. ఓడలో ఉన్న పడకలు కొన్నే. దీవిలో ఉన్న గదులు మరీ కొన్ని. ఈ హద్దులే కూమెల్ తీరాన్ని నిశ్శబ్దంగా ఉంచాయి.

హద్దులు లేని చోట ఏమి జరుగుతుందో థాయిలాండులోని మాయా బే అనే తీరం తెలియజేస్తుంది. నిలువు కొండల నడుమ దాగి ఉన్న ఈ చిన్న అఖాతం, 2000లో విడుదలైన ఒక ఆంగ్ల చలనచిత్రంలో ఎవరికీ తెలియని స్వర్గసీమగా కనిపించింది. ఆ ఏకాంతాన్ని చూడాలని లోకమంతా బయలుదేరింది. రోజుకు వేలమంది సందర్శకులు వచ్చారు. వారి పడవల లంగర్లు, అడుగులు, వ్యర్థాలు పగడాలను నుగ్గు చేశాయి. చివరకు 2018 జూన్‌లో ఆ తీరాన్ని మూసివేయవలసి వచ్చింది. మూడున్నర సంవత్సరాల విశ్రాంతి తరువాత, 2022 జనవరిలో కఠినమైన పరిమితులతో తిరిగి తెరిచారు. ఆ తరువాత పడవలు అఖాతంలోకి రావడం నిషిద్ధమైంది. మనుషులు లేని కాలంలో నల్లమొన రెక్కల సొరచేపలు ఆ నీటికి తిరిగి వచ్చాయి. ఫ్రెంచి పాలినీషియాలోని బోరా బోరా దీవి కూడా 2022 నుండి విహారనౌకల ద్వారా రోజుకు 1,200 మందికి మించి రాకూడదని పరిమితి విధించింది.

ఏకాంతం విచిత్రమైన వస్తువు. దానిని ఒకరు అనుభవిస్తే ఉంటుంది. అందరూ ఒకేసారి అనుభవించాలని వస్తే మాయమవుతుంది. కాబట్టి ఇటువంటి చోట పరిమితి అనేది యాత్రికునికి అడ్డంకి కాదు. అతడు కోరివచ్చిన దానికి కాపలా.

తీరం వెనుక ఉన్న ఊరు

కూమెల్ ఇసుక మీద కూర్చున్న సందర్శకునికి కొబ్బరితోపు ఒక చిత్రంలోని నేపథ్యంగా కనిపించవచ్చు. నిజానికి ఆ తోపు ఒక ఊరి జీవనాధారం. కొబ్బరి, చేపలు లక్షదీవులవారి ముఖ్యమైన ఆదాయ వనరులు. కొబ్బరి డొక్కలను లాగూన్ ఒడ్డున ఇసుకలో పూడ్చి ఊరవేసి, పీచు తీసి, తాళ్లు పేనడం స్త్రీలు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని. కోనసీమ గ్రామాలను ఎరిగినవారికి ఆ దృశ్యం పరాయిదిగా తోచదు. సముద్రంలో ట్యూనా చేపలను పెద్ద వలలతో ఊడ్చకుండా, గాలపు కర్రలతో ఒక్కొక్కటిగా పట్టే సంప్రదాయం ఈ దీవులలో ఉన్నది. ఆ వేటకు అవసరమైన ఎర చేపలు లాగూన్‌లోని పగడాల నడుమ పెరుగుతాయి. పగడం చస్తే ఎర ఉండదు; ఎర లేకపోతే వేట ఉండదు. కాబట్టి సందర్శకుడు ఆటగా తొక్కిన పగడపు కొమ్మకు, జాలరి ఇంటి పొయ్యికి సంబంధం లేదనలేము.

కల్పేని ప్రజలు మలయాళానికి దగ్గరగా ఉండే జెసరి అనే మాండలికం మాట్లాడతారు. దీవుల ప్రజలలో అత్యధికులు ముస్లిములు. ఆడపిల్లలు చదువుకోవడాన్ని సమాజం ఒప్పుకోని రోజులలో, దీవులన్నింటిలోకి ముందుగా బాలికలను బడికి పంపినది కల్పేని అని చెప్పుకొంటారు. యాత్రికులు తీరాన స్నానం చేసినా, ఊరిలోకి వెళ్లేటప్పుడు ఒంటినిండా దుస్తులు ధరించాలని ఆ దీవివారు ఆశిస్తారు. ఒక్క బంగారం దీవి మినహా లక్షదీవులలో మద్యపానానికి అనుమతి లేకుండా వచ్చింది. ఇవి అతిథి పాటించవలసిన ఇంటి మర్యాదలు.

ఈ ఊరికి సముద్రం అమ్మ వంటిది. అప్పుడప్పుడు ఉగ్రమూర్తి కూడా. దీవి సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. 1847లో విరుచుకుపడిన తుపాను సముద్రగర్భంలోని పగడపు బండలను పెకలించి ఒడ్డుకు విసరివేసింది. కల్పేని తూర్పు, ఆగ్నేయ తీరాల పొడవునా గుట్టలుగా పడి ఉన్న పగడపు రాళ్లు ఆ ఉత్పాతానికి నేటికీ సాక్ష్యాలు. పడమట మెత్తని ఇసుక, తూర్పున తుపాను విసరిన రాళ్లు. అరగంట నడకలో ఒకే సముద్రపు రెండు ముఖాలు దర్శనమిస్తాయి. 2017 డిసెంబరు తొలి రోజులలో వచ్చిన ఓఖీ తుపాను కూడా మినికాయ్, కల్పేని దీవులకు నష్టం కలిగించింది.

మంచినీటి సంగతి మరింత సున్నితమైనది. నది గాని చెరువు గాని లేని పగడపు దీవిలో వాననీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక కావడమే ఇందుకు కారణం. బావిలో నుండి మితంగా తోడుకొన్నంతకాలం ఆ పొర నిలుస్తుంది. అతిగా తోడితే కింది ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. ఈ కొరతను తీర్చడానికి 2005లో కవరత్తిలోను, 2011లో మినికాయ్, అగత్తి దీవులలోను సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రాలు నెలకొన్నాయి. సముద్రపు పైనీటికి, లోతునీటికి మధ్య ఉన్న ఉష్ణోగ్రతల తేడాను ఉపయోగించుకొని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వీటిని రూపొందించింది. ఇన్ని పాట్లు పడి సంపాదించిన నీటితో అతిథికి దాహం తీర్చే ఊరు అది.

పొంచి ఉన్న ముప్పు

నేడు పగడాలకు అన్నిటికంటె పెద్ద ప్రమాదం సముద్రం వేడెక్కడం. నీటి ఉష్ణోగ్రత మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి, కొన్ని వారాలపాటు అట్లాగే నిలిస్తే, పగడపు జీవి తనలోని శైవలాలను బయటకు తోసివేస్తుంది. రంగుతోపాటు ఆహారాన్నీ కోల్పోయి తెల్లబారుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకొంటుంది, తగ్గకపోతే మరణిస్తుంది. లక్షదీవులలో 1998, 2010, 2016 సంవత్సరాలలో ఈ విపత్తు పెద్ద ఎత్తున సంభవించింది. 2024లో మరల సంభవించింది. అగత్తి, కద్మత్, కవరత్తి దీవులలో 1998 నుండి 2022 వరకు సాగిన పరిశీలనలో సజీవ పగడాల విస్తీర్ణం సుమారు సగానికి పడిపోయినట్లు తేలింది. ఒక దెబ్బకు, మరొక దెబ్బకు నడుమ కోలుకొనే వ్యవధి చాలకపోవడమే దీనికి కారణం.

పగడపు గోడ బలహీనపడితే అలలు విరగకుండానే ఒడ్డుకు వస్తాయి, ఇసుక కోసుకుపోతుంది. బంగారం దీవి సమీపాన ఉన్న పరాలి–1 అనే జనావాసం లేని చిన్న దీవి కోతకు గురై పూర్తిగా కనుమరుగైనట్లు 2017లో ఒక పరిశోధన వెల్లడించింది. మరొకవైపు, 2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షదీవులను సందర్శించిన తరువాత ఈ తీరాలపై దేశమంతటా ఆసక్తి పెరిగింది. పర్యాటకం దీవి యువతకు ఉపాధి నిస్తుంది. ఆ ఆదాయాన్ని కాదనడం న్యాయం కాదు. కాని ఎందరు రావచ్చు, ఎక్కడ దిగవచ్చు, ఎంత నీరు వాడవచ్చు అన్న లెక్క తప్పితే నష్టపోయేది ముందుగా ఆ యువతే. సముద్రపు వేడిని ఒక్క దీవి ఆపలేదు. అందువల్లనే ఆ దీవి చేతిలో ఉన్న లెక్కలనైనా తప్పకుండా చూసుకోవలసి ఉన్నది.

అతిథి ధర్మం

పగటి మజిలీలో కూమెల్ తీరాన గడిపే సమయం ఆరేడు గంటలకు మించదు. ఆ కొద్ది వ్యవధిలో చేయదగినవి చాలానే ఉన్నాయి. అద్దపు అడుగు గల పడవలో కూర్చుండి పగడాలను, వాటి నడుమ తిరిగే రంగురంగుల చేపలను చూడవచ్చు. తెడ్డు పడవలో లాగూన్ మీద విహరించవచ్చు. అదృష్టం బాగుంటే సముద్రపు గడ్డిని మేస్తున్న పచ్చ తాబేలు తల ఎత్తి ఊపిరి పీల్చి మునగడం కనిపించవచ్చు. ఏమీ చేయకుండా కొబ్బరినీడన కూర్చుండి దూరపు నురుగు గీతను చూస్తూ ఉండడం కూడా ఒక అనుభవమే.

చేయరానివి కొన్నే అయినా ముఖ్యమైనవి. పగడం మీద నిలబడరాదు. రాయిలా కనిపించే బండపగడం ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగదు. ఒక్క కాలి తాకిడి అనేక సంవత్సరాల పెరుగుదలను తుడిచివేయగలదు. పగడపు ముక్కను గుర్తుగా సంచిలో వేసుకొనిపోవడం చట్టరీత్యా కూడా నేరం. దీవులను కట్టే పగడాలకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యున్నత రక్షణ కల్పించింది. ఎండ తాకకుండా ఒంటికి పూసుకొనే లేపనాలలోని కొన్ని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో పలావ్ దేశం 2020 నుండి, హవాయి రాష్ట్రం 2021 నుండి వాటిని నిషేధించాయి. లేపనానికి బదులు పూర్తి చేతుల చొక్కా వేసుకొని నీటిలో దిగడం మేలు. తెచ్చిన ప్లాస్టిక్ సీసాను తిరిగి ఓడకు చేర్చాలి. మూడు చదరపు కిలోమీటర్ల నేలపై చెత్తకు చోటు లేదు. ఊరివారిని, ముఖ్యంగా స్త్రీలను, పిల్లలను అడగకుండా ఛాయాచిత్రాలు తీయరాదు.

వీటన్నిటి సారాంశం ఒక్కటే. వచ్చినవాడు వెళ్లిన తరువాత, వాడు వచ్చిన గుర్తు తీరంపై మిగలకూడదు. తరువాతి పోటుకు చెరిగిపోయే అడుగుజాడలు తప్ప మరేమీ ఉండకూడదు.

ఉపసంహారం

సాయంకాలం పడవలు తిరిగి ఓడవైపు సాగుతాయి. యాత్రికులు తమ గదులకు చేరుతారు. లంగరెత్తిన ఓడ చీకటిలో మరొక దీవివైపు కదులుతుంది. కాని కల్పేనివాసులకు అక్కడి నుండి కదిలిపోవడమన్నది లేదు. ఆ బావినీరే మరునాడూ తోడుకోవాలి, ఆ లాగూన్‌లోనే ఎర చేపలు పట్టుకోవాలి, ఆ ఎత్తులేని నేలపైనే తరువాతి తుపానును ఎదుర్కోవాలి.

ప్రశాంతమైన తీరం ప్రకృతి ఒక్కటే ప్రసాదించిన వరం కాదు. కోట్లాది సూక్ష్మజీవులు కట్టిన గోడ, మనుషులు తమకు తాముగా విధించుకొన్న హద్దు, ఈ రెండూ కలిసి దానిని నిలబెట్టాయి. మొదటిది కూలితే కెరటాలు వస్తాయి. రెండవది కూలితే జనం వస్తారు. రెండింటివల్లా తీరం నశిస్తుంది. కాలినడకన కాశీకి వెళ్లిన నాటి యాత్రికుడు ప్రతి మజిలీలో బావిని, చెట్టునీడను చెడగొట్టకుండా వెనుక వచ్చేవారి కోసం విడిచిపెట్టవలసి వచ్చేది. ఓడ ఎక్కి దీవికి వెళ్లే నేటి యాత్రికునికీ ధర్మం మారలేదు. నిశ్శబ్దాన్ని అనుభవించి, దానిని చెక్కుచెదరకుండా ఆ ఊరివారికి అప్పగించి రావడమే అతని సంస్కారానికి కొలమానం.